హెల్మెట్ నుదుటి మీద ఎర్రరంగు

ఈ ఏడు మాకు కొత్త హెల్మెట్లు వచ్చాయి. వాటి మీద ఏదో పూత వేశారట, ఎదుటి జట్టు హెల్మెట్ల రంగు వీటికి అంటదట. పెట్టెలు విప్పుతూ మా మేనేజర్ "ఇంక ఆదివారాలు నీకు రుద్దే పని లేదు ఆంటీ" అంది. సంతోషపడతాననుకుంది పాపం. నేనూ తలూపాను. మొన్న మొదటి ఆట నుంచి ట్రంకులు తిరిగొచ్చాక మూతలు తీసి చూస్తే నిజమే. అరవై హెల్మెట్లు, తెల్లగా, ఎక్కడికీ పోయి రానట్టు ఉన్నాయి. అలవాటుకొద్దీ చేతిలోకి తీసుకున్న గుడ్డని మళ్ళీ మడిచి పెట్టేశాను.

డ్రిల్లు మాస్టారు ఉండుంటే ఏమనేవారో నాకు తెలుసు. "నోరు లేనివాటిని తెచ్చారేంటమ్మా" అనేవారు.

నేను పనిచేసేది టెక్సస్‌లో ఒక చిన్న ఊరి కాలేజీలో. మనవాళ్ళు ఎక్కువుండే ఇర్వింగ్ నుంచి కారులో మూడు గంటలు. మా ఆయన ఆ కాలేజీ క్యాంటీన్‌లో వంట చేస్తాడు, నేను ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతుకుతాను. ఇక్కడి ఫుట్‌బాల్ మనకు తెలిసినట్టు కాలితో తన్నేది కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరుగెత్తుతాడు, మిగతావాళ్ళు వాడి కోసం ఒకరినొకరు గుద్దుకుంటారు. మాది చిన్న కాలేజీ. మాలాంటివే పది కాలేజీలు కలిసి తమలో తాము ఆడుకుంటాయి. ఆ ఆటలు టీవీలో రావు. కానీ ఏడాదికొకసారి, సెప్టెంబర్‌లో, ఒక పెద్ద యూనివర్సిటీ మమ్మల్ని తన ఊరికి పిలుస్తుంది. మా ఊరి జనమంతా వెళ్ళి కూర్చున్నా ఒక మూల కూడా నిండని స్టేడియం వాళ్ళది. పిలిచినందుకు డబ్బిస్తారు, ఆ డబ్బుతోనే మా పిల్లల బస్సులూ బూట్లూ నడుస్తాయి. ఎందుకు పిలుస్తారో అందరికీ తెలుసు. అంతమంది ముందు ఓడిపోవడానికి ఎవరో ఒకరు కావాలి గదా.

ఆ పెద్ద యూనివర్సిటీలన్నిటికీ మాస్టారు పెట్టిన పేరు ఒకటే, పెద్దింటోళ్ళు. "ఈసారి ఏ పెద్దింటికి పిలుపు?" అని అడిగేవారు ప్రతి వేసవిలో, పెళ్ళి భోజనం సంగతి అడిగినట్టు.

నేను పనిలో చేరిన రోజు ఆయన డ్రయ్యర్ ముందు నిలబడి స్టీలు డబ్బాలో పెరుగన్నం తింటున్నారు. ఎప్పుడూ నిలబడే తినేవారు. నన్ను ఎగాదిగా చూసి, నమిలింది మింగి, "ఏ ఊరమ్మా?" అన్నారు. ఆ మాట వినపడగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ బట్టల గదిలో తెలుగు వినపడుతుందని నేననుకోలేదు.

"నల్గొండ దిక్కు సార్."

"నల్గొండంటే నీళ్ళు బాగోవు గదమ్మా మీకు."

"మరి మీదేడ సార్?"

"ఒంగోలు పక్కన. మాకు అసలు నీళ్ళే లేవులే" అని నవ్వారు.

ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. చెల్లెలు కాగితాలు పెట్టి పిలిపించుకుంటే భార్య పోయాక వచ్చారు. ఇర్వింగ్‌లో చెల్లెలింట్లో నెల రోజులు సోఫాలో కూర్చుని, ఇంక కూర్చోలేక, ఏదైనా గ్రౌండు ఉన్నచోట పని చూడమన్నారట. ఈ కాలేజీలో సామాన్ల గదిలో మనిషి కావాలంటే వచ్చేశారు. మెడలో విజిల్ వేలాడుతూ ఉండేది. నేను పనిచేసినన్నేళ్ళలో ఆ విజిల్ ఊదగా ఒక్కసారి కూడా వినలేదు.

వచ్చిన కొత్తలో పిల్లలు ఏమని పిలవాలని అడిగితే "మాస్టర్" అనమన్నారట. గదంతా చప్పున సద్దుమణిగిందట. మా జట్టులో సగానికి పైగా నల్ల పిల్లలు. అప్పటి మేనేజర్ పక్కకు తీసుకెళ్ళి, ఆ మాటని ఒకప్పుడు ఈ దేశంలో, బానిసల కాలంలో, ఎవరు ఎవరి చేత అనిపించుకున్నారో చెప్పాడట. "వారం రోజులు తలెత్తలేకపోయానమ్మా. నాకు నమస్కారం తెచ్చిపెట్టిన మాట వాళ్ళ తాతల వీపు మీద వాత" అన్నారు నాతో ఒకసారి. తర్వాత పిల్లలే ఆయనకి డ్రిల్ అని పేరు పెట్టుకున్నారు. ఆయన వాళ్ళని ఒరేయ్ అని పిలిచేవారు. ఆరున్నర అడుగుల పిల్లలు, ఒరేయ్ అంటే గిరుక్కున తిరిగేవాళ్ళు. నన్ను పేరు పెట్టి పిలవకూడదని, ఆంటీ అనాలని నేర్పింది కూడా ఆయనే.

నాకు అప్పటికి చదువు రాదు. అంకెలు మాత్రం తెలుసు. చొక్కా మీద అంకె చూసే ఎవరి బట్టలు వాళ్ళ అరలో పెట్టేదాన్ని. మాస్టారు ఆ సంగతి రెండో రోజే కనిపెట్టారు. మర్నాడు నేను వచ్చేసరికి ఎనిమిది డ్రయ్యర్ల మీదా, పిల్లల చీలమండలకు చుట్టే తెల్ల టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కో దాని మీద ఒక్కో అక్షరం. "క-లో సాక్సులు ఎండాయేమో చూడమ్మా", "తువ్వాళ్ళు గ-లో వెయ్యి" అనేవారు. వారం తిరిగేసరికి అక్షరాలు మారిపోయేవి. అప్పటి మేనేజర్ వచ్చి చూసి మెషీన్లకి పూజ ఏమైనా చేశారా అని అడిగాడు. "అవును, దసరా" అన్నారు మాస్టారు, ఏప్రిల్ నెలలో. తెలుగు అయ్యాక ఇంగ్లీషు అక్షరాలు చొక్కాల వెనక పేర్లు చూసి నేర్చుకున్నాను. అప్పుడు నాకు యాభై రెండేళ్ళు.

మాస్టారు ఆట చూసేవారు కాదు. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. శనివారం పిల్లలు ఆడుతుంటే ఆయన గదిలో బూట్ల లేసులు మార్చుకుంటూ కూర్చునేవారు. నేను ఫోన్లో స్కోరు చూసి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "వద్దమ్మా. రేపు హెల్మెట్లు వస్తయ్యిగా, అవి చెబుతాయి."

ఆదివారం పొద్దున్నే బస్సు వచ్చేది. పిల్లలు కాళ్ళీడ్చుకుంటూ దిగేవాళ్ళు. మాస్టారు వాకిట్లో నిలబడి ఒక్కొక్కణ్ణీ లెక్కపెట్టుకునేవారు. నేను లోపలి నుంచి "ఏమైంది సార్?" అని అరిస్తే ఎప్పుడూ ఒకటే జవాబు, "ఏముంది, వచ్చేశారు." గెలిచినా అంతే, అరవై పాయింట్ల తేడాతో ఓడినా అంతే. వినీ వినీ పిల్లలకి ఆ మాట పట్టుబడింది. బస్సు దిగుతూనే వాళ్ళే "వచ్చేసారూ, డ్రిల్!" అని కేకేసేవాళ్ళు. దాని అర్థం ఏంటని వాళ్ళు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ తర్వాత అసలు పని. ట్రంకుల్లోంచి హెల్మెట్లు తీసి పొడుగు బల్ల మీద అంకెల వరసలో పెట్టాలి. ఆయన చూసేదాకా ఎవరూ గుడ్డ తగిలించకూడదు. రెండు హెల్మెట్లు గుద్దుకున్నప్పుడు ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. మావి తెల్లవి కాబట్టి ప్రతి గీతా కనపడేది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, స్కూల్లో ప్రేయర్ వరస చూస్తున్నట్టు, బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవారు.

"వెనక. వెనక. వీడిది చెవి పక్కన. వీడికసలు ఏమీ లేదు, ఆడించలేదు పాపం. వెనక... ఆ! చూడు, వీడు!"

ఆ హెల్మెట్‌కి నుదుటి మీద రంగు ఉండేది. అంటే వాడు ఎదురెళ్ళి తగిలాడన్న మాట. వేలి కణుపుతో దాన్ని టక్కున కొట్టేవారు, సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు.

"మా స్కూలు పిల్లల్ని కబడ్డీకి జిల్లా ఆటలకి తీసుకెళ్ళేవాణ్ణమ్మా" అని చెప్పారొకసారి, తుడుస్తూ. "ఎదురుగా టౌను కుర్రాళ్ళు. పాలూ గుడ్లూ తిన్న ఒళ్ళు. మావాళ్ళవి గంజి ఒళ్ళు. ప్రతిసారీ ఓడేవాళ్ళం. నేను బోర్డు చూసేవాణ్ణి కాదు. ఆట అయ్యాక వరసలో నిలబెట్టి మట్టి చూసేవాణ్ణి. వీపున మట్టుంటే ఎవడో ఎత్తి పడేశాడు. ఛాతీ మీద మట్టుంటే వీడే పట్టుకోబోయి పడ్డాడు. రెండూ ఓటమే. కానీ రెండూ ఒకటి కాదు."

"పెద్దింటోళ్ళకి ఈ తేడా కనబడతదా సార్?"

"వాళ్ళకెందుకు కనబడుద్ది? ఆడినవాడికి తెలిస్తే చాలు."

నుదుటి మీద రంగున్న హెల్మెట్‌ని ఆయన తుడిచేవారు కాదు. సోమవారం ఆ పిల్లవాడు వచ్చి చూసుకున్నాకే తుడిచేవారు. పిల్లలకి ఇది అలవాటైపోయింది. సోమవారం మధ్యాహ్నం సామాన్ల కిటికీ దగ్గర గుంపు. "డ్రిల్, నాకేమొచ్చింది?" పరీక్ష మార్కుల కోసం వచ్చినట్టు. పెద్దింటి ఆట తర్వాత మరీను. అరవై హెల్మెట్లలో నాలుగో ఐదో ఉండేవి అలాంటివి. ఆ నలుగురూ ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగేవాళ్ళు. చూస్తుంటే నాకూ బాగానే ఉండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

నాకు చదువొచ్చిన ఏడు పెద్దింటి జట్టు హెల్మెట్లది ఎర్రరంగు. ఆ శనివారం మా ఆయన క్యాంటీన్ టీవీలో ఆట చూసి, పని మధ్యలో పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టినా ఆగలేదు. "మూడంటే మూడు పాయింట్లతో పోయింది సార్! ఆఖరి నిమిషం దాకా వణికించారు వాళ్ళని. టీవీ వాళ్ళు మన కాలేజీ పేరు పలకడం నేర్చుకున్నారివాళ." మాస్టారు లేసు కట్టడం ఆపలేదు. కానీ రెండు బూట్లకీ కలిపి ఒకటే లేసు కట్టారు, నేను చూశాను.

మర్నాడు హెల్మెట్లు బల్ల మీద పెట్టాం. ఎర్రగీతలు పడ్డవాటన్నిటికీ ముందువైపే. పద్దెనిమిది లెక్కపెట్టారు మాస్టారు. యాభైనాలుగో నంబరు హెల్మెట్ నుదురైతే కుంకుమబొట్టు చెదిరినట్టు మొత్తం ఎరుపే, తెలుపు కనపడలేదు. దాన్ని పక్కకు తీసి కొత్త తువ్వాలు పరిచి దాని మీద పెట్టారు. పెరుగన్నం ఆ రోజు కూర్చుని తిన్నారు.

యాభైనాలుగు పిల్లవాడు ముందు వరసలో ఆడేవాడు. బంతి వాడి చేతికి ఎప్పుడూ రాదు. వాడి పని మిగతావాళ్ళకి దారి చెయ్యడం. నెమ్మదైన పిల్లవాడు. తన బట్టల సంచి తనే తెచ్చి నా చేతికిచ్చి థాంక్యూ ఆంటీ అనే ముగ్గురిలో ఒకడు.

సోమవారం అందరికంటే ముందు వాడే వచ్చాడు. మాస్టారు తువ్వాలు కొస పట్టుకుని హెల్మెట్‌ని వాడి ముందుకి లాగారు. "చూడరా" అన్నారు తెలుగులోనే. వాడు చూశాడు. వేలితో ఆ ఎరుపు తడిమాడు.

"గెలిచామా, డ్రిల్?"

మాస్టారు పకపకా నవ్వారు. "మూడు పాయింట్లురా, మూడే మూడు."

వాడూ నవ్వి, కిటికీ బయట బెంచీ మీద కూర్చుని బూటు విప్పుకుంటున్నాడు. కాసేపాగి తలెత్తాడు. "గెలిచామా?"

మాస్టారి మొహంలో నవ్వు ఇంకా పోలేదు. "చెప్పాగదరా."

వాడు సరే అన్నట్టు తలూపాడు. ఒక బూటు విప్పాడు. దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసి, మళ్ళీ అదే గొంతుతో, అంతే ఆశగా, "డ్రిల్, మనం గెలిచామా?"

నేను మడుస్తున్న తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మాస్టారు కిటికీ పక్క తలుపు తీసుకుని బయటికెళ్ళి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. నెమ్మదిగా ఇంగ్లీషులో అడిగారు. నిన్న ఏం తిన్నావు? వాడికి తెలియలేదు. ఇవాళ ఏ వారం? ఆలోచించి శుక్రవారం అన్నాడు.

గాయాలు చూసే ట్రైనరమ్మ ఆదివారమే అందరినీ పరీక్ష చేసింది. వాడు అన్నిటికీ సరిగ్గానే చెప్పాడట. ఇప్పుడు వాడికీ ఏదో తేడాగా ఉందని తెలిసింది. మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "ఆమెకి చెప్పకు డ్రిల్. ప్లీజ్. శనివారం ఆట ఇక్కడే. మా అమ్మ వస్తోంది. నేను కాలేజీలో ఆడుతుంటే ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. తల నొప్పంతే, పడుకుంటే పోతుంది."

వాడు వెళ్ళాక మాస్టారు ఆ హెల్మెట్‌ని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. మెషీన్లు తిరుగుతున్నాయి. "ఏం చేద్దామమ్మా?" అన్నారు.

నేను అన్న మాట ఇక్కడ రాయకుండా ఉండొచ్చు. కానీ మాస్టారి గురించి రాస్తూ ఆ మాట దాచడం బాగుండదు. "మీకెందుకు సార్ ఇది? ఆ పిల్లగాడే మంచిగున్న అంటుండు గద. చెప్తే, రంగు చూసి మెచ్చుకునుడు మీరు మొదలుపెట్టిందే అని అందరూ మీ మీదకొస్తరు. ఉన్న పని పోతది" అన్నాను.

ఆయన నన్ను కోపంగా చూడలేదు. హెల్మెట్‌ని చూస్తూ, "అందుకే గదమ్మా చెప్పాల్సింది" అన్నారు. "కబడ్డీలో మట్టి ఛాతీకి అంటుద్ది. ఇది తల. ఆ మాత్రం తేడా ముప్పై ఏళ్ళ డ్రిల్లు మాస్టారికి తెలియక్కర్లా?"

హెల్మెట్ తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళారు. ట్రైనరమ్మ గదికి అద్దం తలుపు. నేను తువ్వాళ్ళ బండి తోసుకుంటూ వెళ్ళి అక్కడ ఆగాను. లోపల ఆమెతో పాటు కోచ్ కూడా ఉన్నాడు. మాస్టారు బల్ల మీద హెల్మెట్ పెట్టి, నిలబడి, స్కూలు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడ్డట్టు నిలబడి చెబుతున్నారు. ఆయన ఇంగ్లీషు నాకు కొంతే అర్థమైంది. "మై మిస్టేక్" అన్నది మాత్రం మూడుసార్లు విన్నాను. కోచ్ తల పట్టుకున్నాడు. ట్రైనరమ్మ లేచి గబగబా బయటికొచ్చింది, నా బండి తగిలినా చూడకుండా, ఆ పిల్లవాణ్ణి వెతుక్కుంటూ.

వాడు మళ్ళీ ఆడలేదు. ఆ శనివారం కాదు, ఆ ఏడు కాదు, అసలు ఎప్పుడూ. వాళ్ళమ్మ వచ్చింది. ఎండకి నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న కొడుకు పక్కన మెట్ల మీద కూర్చుని, తనకి తెలియని పిల్లల ఆట చూసి వెళ్ళింది. ఆ ఆట మా స్థాయి జట్టుతోనే, కానీ దారి చేసేవాడు లేక చిత్తుగా ఓడాం. టీవీ వాళ్ళు మా కాలేజీ పేరు పలకడం వారంలో మర్చిపోయారు.

పిల్లలు మాస్టారితో మాట్లాడటం మానేశారు. కిటికీ దగ్గరకొచ్చి చెయ్యి చాపి, చొక్కా తీసుకుని పోయేవాళ్ళు. ఒక పొద్దున మా కిటికీ మీద తెల్ల టేపు ముక్క అంటించి ఉంది, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. నాకు కొత్తగా చదువొచ్చిన రోజులు, ఏది కనపడినా చదివేదాన్ని. ఎస్, ఎన్, ఐ, టి, సి, హెచ్ అని ఒక్కో అక్షరం పైకి చదివి, "ఏంది సార్ దీనర్థం?" అని అడిగాను.

"బాగా చదివావమ్మా" అన్నారు మాస్టారు. "ఏదో ఆటగాళ్ళ మాటలే. తియ్యకు, గమ్ము మరక పడుద్ది. దానంతటదే ఊడుద్ది."

చాడీలు చెప్పేవాడని దానర్థం. అది నాకు తెలిసేసరికి ఏడాది పట్టింది. అది చదివి ఆయనకి నేనే వినిపించాను.

మరుసటి సెప్టెంబర్‌కి ఆ పెద్దింటోళ్ళు మమ్మల్ని పిలవలేదు. మాకంటే బలహీనమైన కాలేజీని వెతుక్కున్నారు. మా ఆయనకి చాలా కోపం వచ్చింది. "అంత బాగా ఆడినందుకు ఇదా సార్ మర్యాద?" అన్నాడు. మాస్టారు పెరుగన్నం కలుపుకుంటూ "ఇదేనయ్యా మర్యాద. పెద్దింటోడు భోజనానికి పిలిచేది తిని పోయేవాణ్ణి. వంటకి వంక పెట్టేవాణ్ణి పిలవడు" అన్నారు. ఆ గొంతులో పాత హుషారు లేదు.

ఆదివారాలు కూడా మారిపోయాయి. ట్రంకు తెరవగానే ఆయనే గుడ్డ తీసుకుని, ముఖం పక్కకి తిప్పుకుని, ఏ గీత ఎక్కడుందో చూడకుండా తుడిచేసేవారు. కొత్తగా చేరిన పిల్లలు ఎవరో చెప్పగా విని "డ్రిల్, నాకేమొచ్చింది?" అని అడిగితే "ఏమీ లేదు, తుడిచేశా" అనేవారు.

దాని బదులు ఇంకొకటి మొదలుపెట్టారు. సోమవారం ఉతికిన చొక్కా కిటికీలోంచి ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు. ఇవాళ ఏ వారం? శనివారం ఎవరితో ఆడాం? నిన్న ఏం తిన్నావు? మూడూ చెబితేనే చొక్కా. ట్రైనరమ్మ పరీక్షలు ట్రైనరమ్మవి, ఇది కిటికీ పరీక్ష. పిల్లలు విసుక్కున్నారు, తర్వాత వెక్కిరించారు.

"నిన్న ఏం తిన్నావురా?"

"నీ పెరుగన్నం, డ్రిల్. డబ్బాతో సహా."

"ఇవాళ ఏ వారం?"

"నువ్వు గడ్డం గీసుకోని వారం."

మాస్టారు నవ్వేవారు కాదు. చొక్కా మీద చెయ్యేసి, సరైన జవాబు వచ్చేదాకా అలాగే కూర్చునేవారు. వెనక వరస పెరిగిపోతుంటే వాళ్ళలో వాళ్ళే "చెప్పి చావరా" అన్నట్టు ముందువాణ్ణి పొడిచేవాళ్ళు. అలా ఐదేళ్ళలో ఇద్దరు పట్టుబడ్డారు, కిటికీ దగ్గర. ఇద్దరినీ ట్రైనరమ్మ గదికి ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. కానీ మనిషి మాత్రం అప్పటి నుంచి అలిసిపోయినట్టే ఉండేవారు. కూర్చుని తినడం అలవాటైంది.

మాస్టారు పోయి రెండేళ్ళు. ఇర్వింగ్‌లో చెల్లెలింట్లో, మధ్యాహ్నం నిద్రలో. మేము వెళ్ళి చూసొచ్చాం. విజిల్ ఆయన మెడలో లేదు. ఎక్కడుందని అడగబుద్ధి కాలేదు.

కిటికీ ఇప్పుడు నాది. మూడు ప్రశ్నలూ నావే. నా ఇంగ్లీషు విని కొత్త పిల్లలు నవ్వుతారు, నవ్వుతూనే జవాబు చెబుతారు. నాకు ఆట మీద ఇంకేమీ పట్టింపు లేదు. ఈ ఏడు మళ్ళీ ఒక పెద్దింటి నుంచి పిలుపు వచ్చింది. యాభై పాయింట్ల పైన తేడాతో ఓడి వచ్చారు. అంటే వచ్చే ఏడు కూడా పిలుస్తారు.

ఆ ఆట అయిన సోమవారమే, పిల్లలందరూ వెళ్ళిపోయాక, కిటికీ ముందు ఒక పెద్ద మనిషి నిలబడ్డాడు. గడ్డం పెంచాడు, చేతుల మీద టైర్ల నలుపు. చొక్కా కోసం వచ్చినవాడు కాదని తెలుస్తూనే ఉంది. "ఆంటీ" అన్నాడు. ఆ పిలుపుతో గుర్తుపట్టాను. యాభైనాలుగు.

డ్రిల్ ఏడి అని అడిగాడు. చెప్పాను. బల్ల మీది కొత్త హెల్మెట్ల వైపు చూశాడు. వీటికి రంగు అంటదని చెప్పాను. "మంచిదే" అన్నాడు. తన ఊళ్ళో టైర్ల షాపులో పని చేస్తున్నాడట. వాళ్ళమ్మ బాగుందట. డ్రిల్ మీద వాడికి ఆ ఏడంతా కోపంగా ఉండేదట, తర్వాత ఒక్కసారి వచ్చి ఒక మాట చెప్పి పోదామని ఇన్నేళ్ళుగా అనుకుంటూ ఆలస్యం చేశాడట. ఏ మాటో చెప్పలేదు.

కిటికీకి అటు పక్క పిల్లవాడు నిలబడితే నా నోటికి వచ్చేవి మూడే మాటలు. "ఇవాళ ఏ వారం?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూసి నిటారుగా నిలబడ్డాడు. "సోమవారం, ఆంటీ."

"నిన్న ఏం తిన్నావు?"

"పొద్దున గుడ్లు. మధ్యాహ్నం ఏమీ లేదు. సాయంత్రం మా అమ్మ బీన్స్ వండింది."

"ఎవరితో ఆడాం?"

ఈ ప్రశ్న అడగకూడదని అడిగాక తెలిసింది. వాడు ఆ పాత శనివారం గురించే అనుకుని తల అడ్డంగా ఊపాడు. "ఎర్ర జట్టు అని తెలుసు. అందరూ చెప్పారు, వీడియో చూపించారు. ఆ వీడియోలో యాభైనాలుగు చాలా బాగా ఆడతాడు. కానీ అది నాకు గుర్తు రాదు ఆంటీ. ఆ రోజు మొత్తం పోయింది. స్టేడియం లేదు, బస్సు లేదు. హెల్మెట్ మీద ఎరుపు ఒక్కటే గుర్తుంది, తువ్వాలు మీద." చిన్నగా నవ్వాడు. "నేను ఆయన్ని ఒకటే మాట పదే పదే అడిగానట గదా."

అవునన్నాను.

"మరి ఏమైంది, ఆంటీ?"

మూడు పాయింట్లు అని వాడికి తెలియకపోలేదు. నేను అరలోంచి ఉతికిన తువ్వాలు ఒకటి తీసి, మడత సరిచేసి, కిటికీలోంచి వాడి చేతిలో పెట్టాను.

"ఏముంది" అన్నాను. "వచ్చేశారు."

ఆ మాట వాడు మర్చిపోలేదు. తువ్వాలు చంకలో పెట్టుకుని, బస్సు దిగే పిల్లవాడిలా, కానీ నెమ్మదిగా అన్నాడు.

"వచ్చేసారూ, డ్రిల్."